బండత్త ఆయిలు మార్చడం నేర్చుకున్న విధం

మా అత్తని అందరూ బండత్త అంటారు. కారు నడిపే అత్త కాబట్టి బండి అత్త, అది నోళ్ళలో నలిగి బండత్త అయిందని మా నాన్న చెప్పేవాడు. అదేం కాదు, పుట్టుకతోనే బండరాయి కాబట్టి ఆ పేరొచ్చిందని మా అమ్మ వాదన. ఆడపడుచు గురించి వదిన చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలి కానీ, ఈ ఒక్క విషయంలో నాన్న చెప్పిందీ నిజమే, అమ్మ చెప్పిందీ నిజమే.

అత్త పాతికేళ్ళ పాటు సొంత కారు అద్దెకు తిప్పింది. ఎక్కువగా ఆసుపత్రి బాడుగలు. కాలు విరిగినవాళ్ళు, కళ్ళ ఆపరేషను చేయించుకున్నవాళ్ళు, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకునేవాళ్ళు. గుంత కనపడితే ముందే చెప్పి మెల్లగా దించేది. అంత నెమ్మదిగా బండి నడిపే మనిషి ఒకరి ముక్కు పగలగొట్టి జైలుకు వెళ్ళిందంటే కొత్తవాళ్ళు నమ్మరు. నేను నమ్ముతాను. పక్కనే ఉన్నాను కాబట్టి.

ఆమె భర్త, మా మావయ్య, నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు. పని తెలిసినవాడు. ఇంజను శబ్దం వినగానే జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. కానీ ఆయన చేతికి పానా ఎంత దగ్గరో అత్త చెంప కూడా అంతే దగ్గర. అన్నం చల్లారిందని కొట్టేవాడు. ఎదురు చెప్పిందని కొట్టేవాడు. ఎదురు చెప్పకుండా ఊరుకుంటే, ఆ ఊరుకోవడంలో పొగరుందని కొట్టేవాడు. అత్త నుదుటి మీద, మోచేతి మీద ఉన్న మచ్చల్ని మా ఇంట్లో ఎవరూ చూడనట్టే ఉండేవాళ్ళం. ఆ చూడకపోవడంలో నా వాటా కూడా ఉంది.

కారు అత్త సంపాదనతో కొన్నదే. దాని బాగోగులు మాత్రం మావయ్య చేతిలో ఉండేవి. కొన్న షోరూం వాళ్ళు సర్వీసుకి రమ్మని ఫోను చేస్తే చాలు, ఆయనకు ఒళ్ళు మండేది.

"వాళ్ళు ఆయిలు మార్చడం ఎవడు చూశాడు? నిన్ను అద్దాల గదిలో కూచోబెట్టి కాఫీ ఇస్తారు. లోపల బండికి మొహం కడిగి, చక్రాలకి నల్లరంగు పూసి పంపిస్తారు. పెళ్ళిచూపులకి తయారు చేసినట్టు."

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు వాలుగా ఉన్న సిమెంటు నేల మీద కారు పెట్టి, జాకీతో లేపి, కింద దూరి తనే ఆయిలు దించేవాడు. కొత్త ఫిల్టరు బిగించాక దాని మీద తెల్ల పెయింటుతో ఆ రోజు తేదీ రాసి, కింద అడ్డగీత గీసేవాడు. ఆ పనంతా ఎంతో శ్రద్ధగా, దాదాపు ప్రేమగా చేసేవాడు. ఆ ప్రేమ మనుషుల దాకా రాలేదు, అంతే.

అత్తకి షోరూం ఇష్టం. ఎందుకని నేనొకసారి అడిగాను.

"అక్కడ కుర్చీ వేసి కూచోమంటారే. మేడం అంటారు. గంటసేపు ఎవరూ అరవరు" అంది.

ఆ గంట కోసమే ఒకసారి మావయ్యకి చెప్పకుండా సర్వీసుకి పేరు రాయించింది. ఆదివారం పొద్దున షోరూం నుంచి వచ్చిన ఫోను మావయ్య ఎత్తాడు. పనిముట్ల పెట్టె తెరిచి, దాని ఇనుప మూతతో అత్త ఎడమ చెవి మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆమె గడప మీద కూలబడింది. చెవిలోంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. ఆయన అదే విసురులో బయటికెళ్ళి, జాకీ పెట్టి బండి లేపి, వెనక చక్రానికి అడ్డంగా పెట్టాల్సిన రాయి కూడా పెట్టకుండా కింద దూరాడు.

బోల్టు బిగిసిపోయి ఉంది. ఆయన కోపంతో పానాని గుంజాడు. బండి ఊగింది. వాలులో జాకీ పక్కకి ఒరిగి, రాకెట్టులా ఎగిరి ప్రహరీ గోడకి తగిలింది. కారు ఆయన నడుం మీద కూర్చుంది.

మావయ్య అరుపు వీధి చివరి దాకా వినపడిందంటారు. తర్వాత అరవడానికి ఊపిరి లేక ఆగిపోయిందట. అత్త లేచింది. డిక్కీ తెరిచి, స్టెప్నీ మార్చేందుకు ఉంచిన చిన్న జాకీ తీసి, ముందు చక్రం పక్కన పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. అది అంగుళం లేవడానికి పదిసార్లు తిప్పాలి. అరచేతుల చర్మం ఊడొచ్చేదాకా తిప్పింది. వెనక చక్రానికి పనిముట్ల పెట్టె అడ్డం పెట్టి, మావయ్య రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి ఈడ్చింది. అప్పటికి ఇరుగుపొరుగు వచ్చారు.

ఆసుపత్రి వరండాలో మా అమ్మ ఆమె చెవికి కట్టు కట్టిస్తూ అడిగింది, "ఈ చెవితోనే అంత బండి లేపావా?"

"రెండు చేతులూ కావాల్సొచ్చాయి వదినా. చెవి వదిలేశాను" అంది అత్త.

ఆ చెవి మళ్ళీ పూర్తిగా వినలేదు. మావయ్య బతికాడు కానీ నడుం కింద స్పర్శ పోయింది. జాకీని అత్తే తన్నిందని వీధిలో పుకారు లేచింది. పోలీసు కూడా వచ్చి ఆ ముక్కే అటూ ఇటూ తిప్పి అడిగాడు. "నేనే పడేస్తే మళ్ళీ నేనే ఎందుకు ఎత్తుతాను బాబూ? అంత ఓపిక నాకెక్కడిది?" అని పంపించేసింది.

మావయ్య చక్రాల కుర్చీలోకి వచ్చాక ఆయిలు మార్చేవాడు లేడు. కారు షోరూంకి వెళ్ళింది. పద్నాలుగు నెలల్లో నాలుగు సర్వీసులు. ప్రతిసారీ అద్దాల గది, మెత్తటి కుర్చీ, కాఫీ. తెల్లచొక్కా వేసుకున్న సర్వీసు అడ్వైజరు బండి తాళం తీసుకునేవాడు, గంటన్నర తర్వాత ముందద్దం మీద కొత్త స్టిక్కరు అంటించి ఇచ్చేవాడు. ఇంట్లో మావయ్య కుర్చీలోంచి తిట్టేవాడు. అందినప్పుడు గ్లాసు విసిరేవాడు. అత్త పక్కకి తప్పుకునేది. ఆ రోజుల్లో ఆమె కాస్త ఒళ్ళు చేసిందని, అప్పుడప్పుడూ తనలో తను పాడుకుంటోందని మా అమ్మ ఆశ్చర్యపోయేది.

నాలుగో సర్వీసయిన నెలకి మీటర్ల పక్కన ఎర్ర దీపం వెలిగింది. నూనె డబ్బా బొమ్మ దీపం. అత్త ఆ రోజే బండి తీసుకెళ్ళింది. అడ్వైజరు లోపలికి తొంగి చూసి, ఏదో తీగ పీకి మళ్ళీ పెట్టాడు. దీపం ఆరింది.

"సెన్సారు ప్రాబ్లం మేడం. మళ్ళీ వెలిగినా పట్టించుకోకండి."

మూడు రోజులకి మళ్ళీ వెలిగింది. అత్త పట్టించుకోలేదు.

ఆమె బండి ఎక్కేవాళ్ళలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. రిటైరయ్యి చాలా ఏళ్ళయింది. రెండు మూత్రపిండాలూ పాడైపోయి, వారానికి మూడుసార్లు అత్త కారులో ఆసుపత్రికి వెళ్ళేవారు. దారి పొడుగునా వీధిలోని బోర్డుల్లో అక్షరాల వంకరలు చూపించి నవ్వించేవారు. ఆ రోజు పొద్దున పది గంటలకి ఊరి బయటి పెద్దరోడ్డు మీద, బండి మంచి వేగంలో ఉండగా, ఇంజనులోంచి ఇనుప గొలుసు తెగినట్టు శబ్దం వచ్చింది. ఇంజను పట్టేసింది. ముందు చక్రాలు బిగుసుకుపోయి కారు ఉన్నచోటే ఆగింది. వెనక వస్తున్న ఇసుక లారీ ఆగలేదు.

అత్త మొహం స్టీరింగుకి కొట్టుకుంది. కింది దవడ రెండు చోట్ల విరిగింది, నాలుగు పళ్ళు ఊడాయి. నోటి నిండా నెత్తురుతో వెనక్కి తిరిగి చూస్తే వెనక సీటు లేదట. డిక్కీ ముందుకొచ్చి తన సీటు వీపుకి ఆనుకుని ఉందట. మాస్టారి కళ్ళజోడు మాత్రం ముందుకి ఎగిరొచ్చి ఆమె ఒళ్ళో పడింది, అద్దాలు పగలకుండా. మాస్టారి చెయ్యి ఒకటి సీట్ల మధ్యలోంచి కనపడుతుంటే అంబులెన్సు వచ్చేదాకా పట్టుకునే ఉంది. అది ఎప్పుడు చల్లబడిందో తనకి తెలుసని నాతో ఒక్కసారే చెప్పింది.

ఆసుపత్రికి మాస్టారి కూతురు వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం, అత్త కంటే పదేళ్ళు చిన్న. మంచం దగ్గరికొచ్చి, తీగలు వేసి బిగించిన ఆ దవడ మీదే చాచి కొట్టింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు.

"మా నాన్నని చంపావు. నిన్ను నమ్మి ఆయన బతుకుని నీ డొక్కు బండిలో పెట్టాను" అని అరుస్తూనే ఉంది.

అత్త నోరు తెరవలేదు. తెరవడానికి వీల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నా నోటుబుక్కు లాక్కుని రాసి చూపించింది. "సర్వీసు చేయించాను." ఆ అమ్మాయి ఆ కాగితం చింపి మొహాన కొట్టి వెళ్ళిపోయింది.

అత్త ఇంటికొచ్చిన రోజున మావయ్య మొదటిసారి తిట్టకుండా మాట్లాడాడు.

"లారీ సంగతి వదిలెయ్. ఇంజను ఎందుకు పట్టేసింది? ఫిల్టరు చూశావా?"

అత్త తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళి విప్పు. పైకే ఉంటుంది, బండి ముందు భాగం బాగానే ఉందన్నారుగా. ఆ పట్టీ పానా తీసుకెళ్ళు."

పోలీసుల దొడ్డిలో విరిగిన బండ్ల మధ్య మా కారు ఉంది. వెనక సగం నలిగిన కాగితంలా ఉంది. సామాను తీసుకుంటామని చెప్పి అత్తా నేనూ లోపలికెళ్ళాం. అత్త బానెట్టు తెరిచింది. ఫిల్టరు మీద పేరుకున్న మట్టిని కొంగుతో తుడిచింది. కింద తెల్ల పెయింటు బయటపడింది. తేదీ. దాని కింద అడ్డగీత. మావయ్య చేతిరాత. ఆయన నడుం విరగడానికి అయిదు నెలల ముందటి తేదీ.

నాలుగు సర్వీసుల్లో ఎవడూ దాన్ని ముట్టుకోలేదు. ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగితే చివర తారులాంటి ముద్ద అంటుకుంది. అత్త అక్కడున్న కానిస్టేబులుని చేసైగతో పిలిచి తేదీ చూపించి, నా ఫోనులో ఫోటోలు తీయించింది. తర్వాత ఫిల్టరు విప్పి, పాత గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. నేను పోలీసులకే ఇద్దామన్నాను. వినపడనట్టు నడిచింది. నేను ఆమె ఎడమవైపు ఉన్నాను కాబట్టి నిజంగానే వినపడలేదేమో.

ఆటో నేరుగా షోరూం ముందు ఆగింది. అద్దాల గదిలో అయిదారుగురు కాఫీ తాగుతున్నారు. తెల్లచొక్కా అడ్వైజరు నవ్వుతూ లేచాడు, అత్త దవడ చూసి నవ్వు తగ్గించాడు. అత్త గుడ్డ విప్పి ఫిల్టరు బల్ల మీద పెట్టింది. ఆమె మాట్లాడలేదు కాబట్టి నేనే చెప్పాను, ఆ తేదీ ఏమిటో, ఎవరు రాసిందో.

అతను తేదీ వైపు చూశాడు. మిగిలిన నవ్వు కూడా పోయింది. తర్వాత సర్దుకున్నాడు.

"ఇది మేం వేసింది కాదు మేడం. బయట ఎవరో పాతది పెట్టుంటారు. బయట చేయించుకుంటే మాకు బాధ్యత ఉండదు."

"నాలుగుసార్లు ఇక్కడే చేశారు కదా?" అన్నాను.

"రికార్డులో ఉందిగా, మార్చినట్టు." కంప్యూటరు నా వైపు తిప్పాడు. తర్వాత అత్తతో గొంతు తగ్గించి, ఏదో మంచిమాట చెబుతున్నట్టు అన్నాడు. "జరిగిందానికి సారీ మేడం. అయినా ఆ పెద్దాయన ఎలాగూ పోయే కేసే కదా. మీరు మనసుకి పెట్టుకోకండి."

అత్త ఫిల్టరు తీసుకుంది. సంచిలో పెట్టుకుంటుందనుకున్నాను. బల్ల మీదుగా ఒంగి, అతని ముక్కు మీద దాంతో కొట్టింది. ఎండుకట్టె విరిగినట్టు వినపడింది. రెండో దెబ్బకి పై పళ్ళు పోయాయి. లోపల గడ్డకట్టిన నల్ల మడ్డి ఎగిరి అతని తెల్లచొక్కా మీదా, గోడ మీదా, కాఫీ తాగుతున్నవాళ్ళ మీదా పడింది. అతను బల్ల కిందికి జారాడు. అత్త మెత్తటి కుర్చీ ఎత్తి అద్దం మీదికి విసిరింది. అద్దం మొత్తం ఒక్కసారిగా కిందికి కూలింది. అవతల వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళు చేతుల్లో పానాలతో అలాగే నిలబడిపోయారు. వాళ్ళకీ మాకూ మధ్య ఇక ఏమీ లేదు.

ఇద్దరు గార్డులు పరిగెత్తుకొచ్చారు. ఒకడు అత్త జుట్టు పట్టుకుని గాజుపెంకుల మీద పడేసి, లాఠీతో ఆ దవడ మీదే కొట్టాడు. నేను వాడి చేతిని కొరికాను. నెత్తురు రుచి తెలిసేదాకా వదల్లేదు. రెండోవాడు నా కడుపులో తన్నాడు. అత్త నోట్లోని తీగలు తెగి చెంపలోంచి బయటికి పొడుచుకొచ్చాయి. ఆ స్థితిలో కూడా ఫిల్టరుని రెండు చేతులతో పొట్టకి అదుముకుని ముడుచుకుపోయింది. పోలీసులొచ్చి చేతులు విడదీయడానికి చాలాసేపు పట్టింది.

కేసు ఏడాది నడిచింది. అత్త మూడు నెలలు జైల్లో ఉంది. ముక్కు పగలగొట్టినందుకు పశ్చాత్తాపం ఉందా అని జడ్జి అడిగితే, "పగలగొట్టింది నేనే, కాదనను. నాలుగుసార్లు ఆయిలు మార్చనిది వాళ్ళే. వాళ్ళని కూడా కాదనొద్దని చెప్పండి" అంది. దవడ వంకరగా అతుక్కుంది కాబట్టి ఆ మాటలు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

వాళ్ళ చేత ఒప్పించింది ఆ షోరూంలోనే ఆయిలు మార్చే మెకానిక్కు. నలభై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయి నిలబడలేక బోను పట్టుకుని చెప్పాడు.

"ఎనిమిది బండ్లకి పట్టే టైములో ఇరవై బండ్లు చెయ్యమంటారండి. కుదరదంటే తంతారు. నన్ను మేనేజరు గోడకేసి కొట్టాడొకసారి. అందుకని కడిగి, స్టిక్కరు మార్చి పంపేవాళ్ళం. ఈవిడ బండి నాలుగుసార్లూ నా చేతి మీదుగానే పోయింది. తేదీ చూశాను. ఎవరో చక్కగా రాసుకున్నారే అనుకున్నాను."

మేనేజరుకీ అడ్వైజరుకీ శిక్ష పడింది. వర్క్‌షాపు మూతపడింది. వాయిదాలన్నిటికీ వచ్చిన మాస్టారి కూతురు ఆఖరి రోజున కోర్టు మెట్ల మీద అత్త దగ్గరకొచ్చి, వంకర దవడ వైపు చూసి, "నేను కొట్టింది ఆ పక్కేనా?" అని అడిగింది. "ఆ పక్కే" అంది అత్త.

నష్టపరిహారంతో అత్త పాత కారొకటి కొంది. దాంతోపాటు, లేపిన బండి కింద ఆసరాగా పెట్టే రెండు ఇనుప స్టాండ్లు. ఇక నుంచి ఆయిలు తనే మారుస్తానని, నేర్పమని మావయ్యని అడిగింది. ఆయన స్టాండ్లు చూసి నవ్వాడు.

"పిరికిముండలకి ఇవి. ముప్పై ఏళ్ళు జాకీ ఒక్కదాని మీదే చేశాను."

అత్త ఆయన కాళ్ళ వైపు చూసింది.

ఆ ఆదివారం నేనూ వెళ్ళాను. అత్త ఈసారి సమంగా ఉన్న నేల మీద బండి పెట్టింది. జాకీతో లేపి, రెండు వైపులా స్టాండ్లు నిలబెట్టింది. బోల్టు చూపించాలంటే తను కిందికి రావాలన్నాడు మావయ్య. కుర్చీలోంచి దించి, చక్రాల బల్ల మీద పడుకోబెట్టి లోపలికి నెట్టాం. అత్త ఆయన పక్కనే వెల్లకిలా దూరింది. నేను జాకీ దగ్గర చతికిలబడ్డాను.

"అటు కాదే, ఇటు! బిగిస్తున్నావు. బుర్రుందా?" అని మావయ్య గొంతు. పానా జారిన చప్పుడు. తర్వాత మెత్తటి దాని మీద ఇనుము తగిలిన చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు.

అత్త బయటికొచ్చింది. అతుక్కున్న దవడ మీద చర్మం చీలి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. తుడుచుకోలేదు. నన్ను భుజం పట్టి పక్కకి జరిపి, జాకీ పిడి పట్టుకుని ఎడమకి తిప్పింది.

జాకీ బుస్సుమంది. బండి దిగడం మొదలైంది.

"ఏయ్! ఏం చేస్తున్నావే! ఏయ్!" మావయ్య చేతులు రెండూ ఇంజను అడుగుని నెడుతున్నాయి. కాళ్ళు కదలవు. "తల్లీ! వద్దే! వద్దు!"

నేను అరవాలనుకున్నాను. జరిపిన చోటే కూచుని చూస్తూ ఉన్నాను. బండి ఒక అంగుళం దిగింది, ఇంకో అర అంగుళం. టక్కుమని స్టాండ్ల మీద కూర్చుని ఆగిపోయింది.

మావయ్య వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అత్త చాలాసేపు జాకీ పిడి వదల్లేదు. తర్వాత మెల్లగా నేల మీద బోర్లా పడుకుని, తలని బండి కిందికి పెట్టింది. పెళ్ళయిన రోజు నుంచీ ఆమె ఆయన్ని ‘మీరు’ అనే పిలిచింది. ఆ రోజు మొదటిసారి మాట మారింది.

"నువ్వు ఇంకోసారి చెయ్యెత్తితే నేనేమీ తోయను, ఏమీ లాగను. నీ పద్ధతిలోనే జాకీ ఒక్కటే పెట్టి పని చేయిస్తాను. ఇప్పుడు చెప్పు. బోల్టు ఎటు తిప్పాలి?"

"ఎ... ఎడమకి."

"నాకు ఎడమా, బోల్టుకి ఎడమా?"

"బోల్టుకి. తల ఎదురుగా పెట్టి చూడు."

ఆయన చెప్పాడు. ఆమె చేసింది. వేడి ఆయిలు మోచేతుల దాకా కారింది. పాత ఫిల్టరు విప్పి, కొత్తదాని అంచుకి వేలితో కాస్త ఆయిలు రాసి, చేత్తోనే బిగించి, ఆపైన ముప్పావు చుట్టు. ఎంత బిగువు చాలో ఆయన ఏడుపు గొంతుతోనే చెప్పాడు. అంతా అయ్యాక ఆయన్ని బయటికి లాగి, తడిసిన బట్టలు మార్చి కుర్చీలో కూచోబెట్టాం.

అత్త ఇంటి వెనక్కి వెళ్ళింది. చాలాసేపు రాకపోతే వెళ్ళి చూశాను. గోడ పట్టుకుని వాంతి చేసుకుంటోంది.

"భలే భయపెట్టావు అత్తా" అన్నాను. మెచ్చుకుంటున్నట్టే అన్నాను.

ఆమె మూతి తుడుచుకుని నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

"జాకీ తిప్పినప్పుడు స్టాండ్లున్నాయని నాకు గుర్తులేదే" అంది.

ఆ మాట మావయ్యకి ఎప్పటికీ తెలియదు. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఇంకో ఆరేళ్ళు బతికాడు. మళ్ళీ చెయ్యెత్తలేదు. మంచివాడయ్యాడని కాదు, భయపడ్డాడు. కానీ పని మొత్తం నేర్పాడు. బ్రేకులు, ప్లగ్గులు, బెల్టులు. ఆదివారాలు ఆయన కుర్చీలోంచి చెబుతుంటే ఆమె కిందనుంచి సరేననేది. దూరం నుంచి చూసేవాళ్ళకి ముచ్చటైన జంటలా కనపడేవారు. ఆయన పోయినప్పుడు అత్త ఏడ్చింది. ఎందుకేడ్చావని మా అమ్మ అడిగితే, "తెలీదు వదినా. వచ్చింది, ఏడ్చాను" అంది.

పోయినేడు నేను కారు కొనుక్కున్నాను. నాకు ఆదివారాలు కూడా ఆఫీసు పనే. కింద దూరే తీరికా లేదు, నిజం చెప్పాలంటే ధైర్యమూ లేదు. షోరూంకే ఇస్తానంటే అత్త తిట్టలేదు. నేనూ వస్తానంది.

ఇది వేరే షోరూం. అత్త ఇక్కడి అద్దాల గదిలోకి వెళ్ళకుండా నేరుగా వర్క్‌షాపు తలుపు తోసింది. ఇక్కడి అడ్వైజరు, అమ్మాయి, అడ్డమొచ్చింది.

"లోపలికి కస్టమర్లు రాకూడదు మేడం. రూల్సు."

"ఎవరు పెట్టారమ్మా?"

"కంపెనీ వాళ్ళు."

"సరే. వాళ్ళనే పిలువు, వాళ్ళకే చెబుతాను" అని, వంకర దవడ కాస్త ముందుకి పెట్టి నిలబడింది. ఆ అమ్మాయికి ఏం కనపడిందో కానీ పక్కకి తప్పుకుంది.

లోపల మెకానిక్కు నా బండిని పైకి లేపి బోల్టు విప్పుతున్నాడు. అత్త చేతులు కట్టుకుని, వినపడే చెవి అటు తిప్పి, అతని పక్కనే నిలబడింది. పాత ఆయిలు మొత్తం దిగేదాకా నిలబడింది. కొత్త ఫిల్టరు పెట్టె తన ఎదుటే చింపించింది. అతను కంగారులో బిగిస్తుంటే, "తొందరేం లేదు నాయనా. ఎవరైనా తొందరపెడితే నా పేరు చెప్పు" అంది. అతను ఆగి, చెయ్యి గుడ్డకి తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి నెమ్మదిగా బిగించాడు.